హార్మనీ పాడే గొంతుతో సొంత ఆల్బమ్

అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పాటలు పాడి బతికేవాళ్లలో ఎక్కువమంది పేర్లు బయటివాళ్లకు తెలియవు. కంట్రీ పాట (అమెరికా పల్లెల నుంచి వచ్చిన సంగీతం) వింటున్నప్పుడు పల్లవి దగ్గరకు రాగానే అసలు గాయకుడి వెనక ఇంకో రెండు మూడు గొంతులు లేస్తాయి కదా, వాటిలో ఒకటి నాది. బ్యాకింగ్ సింగర్ అని రాస్తారు, స్టూడియోలో మాత్రం హార్మనీ పాడడం అనే అంటాం. చాలా ఏళ్లు అదే పని చేశాక 2025లో నా పేరుతో, నా ఫొటోతో పది పాటల కంట్రీ ఆల్బమ్ విడుదల చేశాను. అది ఎలా జరిగిందో రాయమని చాలామంది అడిగారు. ముఖ్యంగా స్టూడియో పని మీద ఆసక్తి ఉన్న మన తెలుగు పిల్లలు అడుగుతున్నారు. వాళ్ల కోసం వీలైనంత వివరంగా రాస్తున్నాను.

మాది గుంటూరు. నాన్న రైల్వే గార్డు, అమ్మ నర్సు. నేను చర్చి కాయిర్‌లో (పాటల బృందంలో) ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది వరస, పాడేదాన్ని. మన శాస్త్రీయ సంగీతంలో ఎంతమంది కలిసి పాడినా అందరిదీ ఒకే వరస. కాయిర్‌లో అలా కాదు, ఒకే మాటను నాలుగు గొంతులు నాలుగు వరసల్లో పాడతాయి. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ పెట్టినప్పటి నుంచి మా ఊళ్లో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఒకచోట పురుషోత్తమ చౌదరి గారి కీర్తన రాగతాళాలతో ఉంటుంది, ఇంకోచోట ఇంగ్లిష్ వరసకు కట్టిన తెలుగు పాట ఉంటుంది. మొదటిది తబలాతో అందరం ఒకే వరసలో పాడేవాళ్లం. రెండోదానికి మా కాయిర్ మాస్టారు నాలుగు భాగాలు విడదీసి నేర్పేవారు. ఆదివారం ఒకే గంటలో గమకమూ పాడేదాన్ని, ఆల్టో కూడా పాడేదాన్ని. నా సంగీతం మొత్తం అక్కడి నుంచి వచ్చిందే.

కంట్రీ కూడా అమెరికా వచ్చాక తెలిసింది కాదు. నాన్నకు జిమ్ రీవ్స్ అంటే ప్రాణం. ఆ రోజుల్లో రైల్వే క్వార్టర్స్‌లో, క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్ వస్తే ఆయన క్యాసెట్ మోగాల్సిందే. ఆయన పాటలు చాలావరకు రికార్డ్ అయింది నాష్‌విల్‌లోనే. 1964 జూలైలో విమాన ప్రమాదంలో చనిపోయింది కూడా ఈ ఊరికి దగ్గర్లోనే. ఎన్నో పాటల్లో ఆయన వెనక పాడిన బృందం అనితా కెర్ సింగర్స్. నాన్న జిమ్ రీవ్స్‌తో కలిసి పాడేవారు, నేను ఆ వెనక పాడే ఆడవాళ్లతో కలిసి పాడేదాన్ని. వాళ్ల పేరేమిటో చాలా ఏళ్లు తెలియదు.

నర్సింగ్ చదివి, అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసై, నైట్ డ్యూటీ ఉద్యోగం మీద నాష్‌విల్ వచ్చాను. పాటల ఊరని పేరున్నా ఇది ఆస్పత్రుల ఊరు కూడా. అమెరికాలో పెద్ద ఆస్పత్రి సంస్థల్లో ఒకటైన హెచ్‌సీఏ 1968లో ఇక్కడే మొదలైంది. వారానికి మూడు రాత్రులు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా డ్యూటీ. ఆదివారం చర్చి. ఇక్కడి చర్చి కాయిర్లలో మన పక్కన నిలబడిన మనిషి వారమంతా స్టూడియోల్లో పాడేవాళ్లు అయి ఉండడం మామూలే. అలా పక్కన నిలబడిన ఒకావిడ, తనతో పాడాల్సిన ఆల్టోకు ఒంట్లో బాగాలేదని నన్ను పిలిచింది. ఆ తర్వాత పిలుపులు ఆగలేదు.

ఇక్కడ సెషన్ అంటే మూడు గంటలు. పొద్దున పదికి ఒకటి, మధ్యాహ్నం రెండుకు ఒకటి, సాయంత్రం ఆరుకు ఒకటి. మ్యూజిక్ రో అని పిలిచే 16, 17వ అవెన్యూల్లో బయట నుంచి చూస్తే మామూలు ఇళ్లలా ఉన్నవి లోపలికి వెళ్తే స్టూడియోలు, పాటల పబ్లిషర్ల ఆఫీసులు. మన చేతికి స్వరాలు రాసిన కాగితం రాదు, అంకెలు రాసిన కాగితం వస్తుంది. 1, 4, 5, 6 మైనర్, అంతే. కీ, అంటే శ్రుతి, ఏదైనా దాని మొదటి స్వరం మీద కట్టే కార్డ్ (కలిపి వాయించే స్వరాల గుంపు) 1, నాలుగో స్వరం మీదది 4. గాయకుడు ‘నాకు ఎత్తు ఎక్కువైంది, ఒక స్వరం దించండి’ అంటే కాగితంలో ఒక్క గీత కూడా మార్చక్కర్లేదు. 1950ల చివర్లో జోర్డనేర్స్ బృందంలో పాడిన నీల్ మాథ్యూస్ తమ బృందం కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. దీన్ని మొదలుపెట్టింది ఒక హార్మనీ గాయకుడని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో! ఏ శ్రుతిలో పాడినా షడ్జమం షడ్జమమే అని చిన్నప్పుడే ఒంటబట్టింది కాబట్టి ఆ అంకెలు నాకు మొదటి రోజు నుంచే అర్థమయ్యాయి.

హార్మనీ పాడడం ఎలాంటి పనో కొంచెం చెప్పాలి. నా ఆల్బమ్‌లో కష్టమంతా దీని నుంచే పుట్టింది.

ఈ పనిలో పాడడం కంటే వినడం ఎక్కువ. అసలు గాయని ఒక అచ్చును ఎంత వెడల్పుగా పలికితే మనమూ అంతే పలకాలి. ఆమె దక్షిణాది యాసలో ‘ఐ’ని ‘ఆ’ వైపు లాగితే మనమూ లాగాలి. మాట చివర వచ్చే ‘స్’, ‘ట్’ మనం దాదాపు పలకం. ముగ్గురు మూడు వేర్వేరు క్షణాల్లో ‘స్’ అంటే రికార్డింగ్‌లో గజిబిజి అవుతుంది కాబట్టి ఆ హల్లును అసలు గొంతుకే వదిలేస్తాం. గొంతులో కంపనం తగ్గించి నిటారుగా పాడతాం. మైకుకు కాస్త వెనక్కి నిలబడతాం. హెడ్‌ఫోన్లలో అసలు గొంతు పెద్దగా, మన గొంతు చిన్నగా పెట్టించుకుంటాం. ఆమె ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడే తీస్తాం. ఒక వరస పాడాక అదే వరసను అచ్చం అలాగే మళ్లీ పాడతాం, ఒకటి ఎడమ వైపు, ఒకటి కుడి వైపు పెడతారు. రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. ఇదంతా బాగా చేశారంటే విన్నవాళ్లకు మీరు అక్కడ ఉన్నట్టే తెలియదు. ఆ నైపుణ్యం మీద నాకు ఇప్పటికీ గౌరవమే. దాన్ని ‘కోరస్సేగా’ అని ఎవరైనా తీసిపారేస్తే ఒప్పుకోను.

ఒకసారి నేను పాడిన పాట ఒకటి నాన్నకు పంపించాను. రేడియోలో బాగా తిరుగుతున్న పాట అది. నాన్న విని ఫోన్ చేశారు. ‘‘చాలా బాగుంది తల్లీ. ఇందులో నువ్వెక్కడున్నావు?’’ అన్నారు. పల్లవిలో రెండో వరసలో, పైన వినిపించే గొంతు కింద ఉన్నది నాదే అని చెప్పాను. మళ్లీ మళ్లీ విన్నారట. ‘‘దొరకలేదమ్మా’’ అన్నారు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగా వెతికారంతే. నా పని నేను సరిగ్గా చేశానన్న రుజువు అది. అయినా ఆ రాత్రి డ్యూటీలో ఆ మాట నన్ను వదల్లేదు. నాన్నకు దొరికేలా ఒక్క పాటైనా పాడాలని అప్పుడే అనుకున్నాను.

లెక్కల కారణం కూడా ఉంది. అమెరికాలో ఏఎం, ఎఫ్‌ఎం రేడియోలో పాట వేస్తే రాసినవాళ్లకు, పబ్లిషర్లకు డబ్బు వస్తుంది. పాడినవాళ్లకు ఒక్క సెంటు రాదు, అసలు గాయకులకైనా సరే. శాటిలైట్ రేడియో, ఇంటర్నెట్ రేడియో అయితే వేరు. అక్కడ వచ్చిన డబ్బును సౌండ్‌ఎక్స్ఛేంజ్ అనే సంస్థ పంచుతుంది. రికార్డింగ్ హక్కు ఉన్నవాళ్లకు 50 శాతం, ముఖ్య గాయకుడికి 45 శాతం, మిగతా 5 శాతంలో సగం వాయిద్యకారుల నిధికి, సగం వెనక పాడినవాళ్ల నిధికి. అంటే పాటలో ఎంతమంది హార్మనీ పాడినా అందరికీ కలిపి రెండున్నర శాతం. సొంతంగా రాసి, సొంతంగా పాడి, రికార్డింగ్ హక్కు కూడా మన దగ్గరే ఉంచుకుంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. పిల్లలూ, ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

నా కంటే ముందు ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. ట్రిషా ఇయర్‌వుడ్ ఒక రికార్డ్ కంపెనీలో రిసెప్షనిస్టుగా పనిచేస్తూ, ఇతరుల పాటలకు డెమోలు (నమూనా రికార్డింగులు) పాడుతూ, గార్త్ బ్రూక్స్ వెనక హార్మనీ పాడి, 1991లో తన మొదటి ఆల్బమ్ తెచ్చింది. దాంట్లో మొదటి పాటే కంట్రీ చార్ట్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. ఆమె కథ ఈ ఊళ్లో ప్రతి డెమో సింగర్‌కూ తెలుసు.

అయితే పాడాలంటే పాటలు కావాలి. ఇక్కడ పాట రాయడం ఆఫీసు పనిలా జరుగుతుంది. పొద్దున పదకొండుకు అపాయింట్‌మెంట్. ఇద్దరో ముగ్గురో ఒక గదిలో గిటార్లు పట్టుకుని కూర్చుంటారు, సాయంత్రానికి పాట తయారవ్వాలి. గదిలో ఉన్నవాళ్లు ఎవరు ఎన్ని లైన్లు రాసినా వాటాలు సమానం. అది ఇక్కడి ఆచారం. లేచేలోపు ఎవరి వాటా ఎంతో రాసుకునే స్ప్లిట్ షీట్ మీద సంతకాలు పెట్టేయడం మంచిది, స్నేహాలు పాడవకుండా ఉంటాయి.

మొదట్లో నేను రాసినవన్నీ ఇంతకుముందు పాడిన పాటల్లాగే వచ్చాయి. పికప్ ట్రక్, నది ఒడ్డు, శనివారం రాత్రి. నాతో రాసే ఒక పెద్దాయన గిటార్ పక్కన పెట్టి, ‘మీ నాన్న ఏం చేసేవారు?’ అని అడిగాడు. గార్డు అని, తెనాలి నుంచి రేపల్లె వెళ్లే బండి మీద ఎక్కువగా వెళ్లేవారని చెప్పాను. గార్డు అంటే ఏం చేస్తాడు అన్నాడు. చివరి పెట్టెలో ఉంటాడు, పచ్చజెండా ఊపి విజిల్ వేస్తేనే బండి కదులుతుంది అన్నాను. నాన్న ఎప్పుడూ అనేవారు: ‘‘ఇంజన్‌లో వాణ్ని అందరూ చూస్తారు. బండి కదలాలంటే వెనక నుంచి నేను జెండా ఊపాలి.’’ అది చెప్పగానే ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు. జిమ్మీ రోజర్స్ పేరు విన్నావా అన్నాడు. రైల్లో బ్రేక్‌మన్‌గా పనిచేసిన మనిషి, 1927లో బ్రిస్టల్‌లో మొదటి రికార్డింగ్ చేశాడు, కంట్రీ సంగీతానికి తండ్రి అని ఆయన్నే అంటారు. రైలు వెనక పనిచేసిన మనిషి నుంచే ఈ సంగీతం మొదలైంది, మీ నాన్న పాట ఇక్కడ పరాయిది ఎలా అవుతుంది అన్నాడు. ఆ పూట రాసిన పాటే ఆల్బమ్‌లో మొదటిది.

అక్కడి నుంచి మిగతావి వచ్చాయి. రాత్రి మూడు గంటలకు నిద్రపట్టని రోగితో మాట్లాడే నర్సు గురించి ఒకటి. ఎండాకాలం మిర్చి యార్డు పక్కగా స్కూలుకు వెళ్తుంటే కళ్లు మండడం గురించి ఒకటి. టెనెసీలో విన్నవాళ్లకు మిర్చి ఘాటు తెలియకపోవచ్చు, పొగాకు కొట్టం వాసన మాత్రం తెలుసు. ఊరు, పని, అమ్మానాన్నలు, చర్చి, ఇంటికి దూరంగా ఉండడం. కంట్రీ ఎప్పుడూ పాడేది ఇవే. నాకు ఉన్నవీ ఇవే.

ఈ పాటలు మొదట పాడింది రైటర్స్ రౌండ్స్‌లో, అంటే పాటల రచయితలు కూర్చుని వంతులవారీగా తమ పాటలు పాడే చోట. బ్లూబర్డ్ కెఫే గురించి వినే ఉంటారు. 1982లో ఒక షాపింగ్ వరసలో పెట్టిన చిన్న హోటల్ అది. అక్కడ 1985లో నలుగురు పాటల రచయితలు స్టేజీ వదిలి, గది మధ్యలో ఎదురెదురుగా కూర్చుని వంతులవారీగా పాడడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఊరంతా ఆ పద్ధతే. వినేవాళ్లు మోచేతి దూరంలో ఉంటారు. పక్క రచయిత పాడుతుంటే నా నోరు దానంతట అదే హార్మనీ అందుకునేది. నా వంతు వచ్చినప్పుడు మాత్రం టెన్షన్.

ఒక రికార్డ్ కంపెనీ వాళ్లు పిలిచారు. పాటలు విన్నారు, గొంతు మెచ్చుకున్నారు. ‘రేడియో వాళ్లకు నిన్ను ఎలా పరిచయం చేయాలో మాకు తెలియడం లేదు’ అన్నారు. పేరు కాస్త చిన్నది చేస్తే ఎలా ఉంటుందని కూడా అడిగారు. నాకు బాధేసింది. ఇంటికొచ్చి చార్లీ ప్రైడ్ గురించి చదివాను. 1966లో ఆయన మొదటి సింగిల్స్‌ను (ఆల్బమ్‌గా కాక విడిగా తెచ్చిన పాటలను) రేడియో స్టేషన్లకు ఫొటో లేకుండా పంపారు, నల్లజాతి మనిషని తెలిస్తే వేయరని. ఆయనే 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆ ఏటి మేటి కళాకారుడయ్యాడు. లిండా మార్టెల్ 1969లో నాష్‌విల్‌లోని పేరున్న కంట్రీ వేదిక గ్రాండ్ ఓల్ ఆప్రీలో పాడిన మొదటి నల్లజాతి సోలో గాయని. 1970లో ఒక ఆల్బమ్ వచ్చింది, తర్వాత ఆమెకు తలుపులు మూసుకుపోయాయి. వాళ్లు పడ్డదాంతో పోలిస్తే నాకు జరిగింది చాలా చిన్న విషయం. నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, కవర్ మీద పెద్ద అక్షరాల్లో వేయించాను. ఫొటోలో నేను చీరలో లేను, కౌబాయ్ టోపీ కూడా లేదు. డ్యూటీ అయ్యాక పార్కింగ్‌లో నిలబడ్డ నర్సును.

కంపెనీ లేదు కాబట్టి డబ్బు మేమే చూసుకోవాలి. అంతా కలిపి 30 వేల డాలర్ల దాకా అయింది. కొంత కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో వచ్చింది. అక్కడ పెట్టుకున్న లక్ష్యం మొత్తం చేరకపోతే ఒక్క డాలర్ కూడా చేతికి రాదు, గడువు దగ్గరపడేకొద్దీ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మిగతాది ఎక్స్‌ట్రా షిఫ్టులు, మా ఆయన ఓవర్‌టైమ్. ‘‘కారు ఇంకో రెండేళ్లు నడుస్తుందిలే, నువ్వు పాడు’’ అన్నారాయన. వాయిద్యకారులకు యూనియన్ రేటే ఇచ్చాను. తక్కువ కాపీలు వేసే సొంత ఆల్బమ్‌లకు వాళ్ల దగ్గర తక్కువ రేటు ఒప్పందం ఉంది. డెమో రేటుకు వాయించినదాన్ని అమ్మకానికి పెట్టకూడదు, పెట్టాలంటే తేడా కట్టాలి. ఇన్నేళ్లు నేనూ రేటుకు పాడినదాన్నే, ఎదుటివాళ్ల దగ్గర గీచి బేరం ఆడలేను. ఒక పాట వేరేవాళ్లది తీసుకున్నాను. దానికి మెకానికల్ లైసెన్స్ (వేరేవాళ్ల పాటను రికార్డ్ చేసి కాపీలు వేసుకునే అనుమతి) 2025లో కాపీకి 12.7 సెంట్లు, అంటే వెయ్యి సీడీలకు 127 డాలర్లు. దీనికి భయపడేవాళ్లను చూశాను, భయపడాల్సింది ఏమీ లేదు.

బ్యాండ్ రికార్డింగ్ హాయిగా జరిగింది. ఇక్కడి వాయిద్యకారులు పాట ఒకసారి విని, అంకెల చార్ట్ రాసుకుని, రెండోసారికే వాయించేస్తారు. నన్ను ఆశ్చర్యపరిచింది పెడల్ స్టీల్. పది తీగలు, చేతిలో ఉక్కు కడ్డీ, కాళ్ల కింద పెడల్స్, మోకాళ్ల పక్కన మీటలు. పెడల్ నొక్కితే ఒకటి రెండు తీగల శ్రుతి మాత్రమే జారుతుంది, మిగతా తీగలు అక్కడే ఉంటాయి. హవాయి గిటార్ నుంచి పుట్టిన వాయిద్యం ఇది. ఆ హవాయి గిటారే మన దేశానికీ వచ్చింది, పాత సినిమా పాటల్లో వినిపిస్తుంది. నేను స్క్రాచ్ గొంతు (బ్యాండ్‌కు దారి చూపడానికి తాత్కాలికంగా పాడేది) పాడుతూ ఒకచోట కీర్తనల్లో పాడినట్టు స్వరాన్ని జార్చాను. గాజు తలుపు అవతల స్టీల్ వాయించే ఆయన తలెత్తి చూసి, తర్వాతి లైన్ ఖాళీలో అదే జారుడు వాయించాడు. మళ్లీ చేశాను, మళ్లీ వాయించాడు. పాట పూర్తయ్యేదాకా ఇద్దరం అలా మాట్లాడుకున్నాం. అది ఆల్బమ్‌లో అలాగే ఉంది.

నా గొంతు అసలు రికార్డింగ్ మొదలైన రోజు వేరు. హెడ్‌ఫోన్లలో నా గొంతు అంత పెద్దగా నేను ఎప్పుడూ వినలేదు. మైకు దగ్గరగా, నోటికి జానెడు దూరంలో. ఒళ్లు దానంతట అదే వెనక్కి జరగమంటోంది. ప్రొడ్యూసర్ కూడా ఒకప్పుడు హార్మనీ పాడినావిడే, అందుకే ఆమెను ఎంచుకున్నాను. కొన్ని టేకులు విన్నాక లోపలికి వచ్చి కూర్చుంది. మొదటి చరణంలో ఒక ప్రసిద్ధ గాయని అచ్చులు, రెండో చరణంలో ఇంకొకావిడ అచ్చులు వినిపిస్తున్నాయి, వీటిలో నీవి ఎక్కడ అని అడిగింది. నాన్న అడిగిందీ అదే.

ఏళ్ల తరబడి ఎవరి పక్కన నిలబడితే వాళ్ల యాస నాది అయింది. ఇంట్లో గుంటూరు తెలుగు, ఆస్పత్రిలో నర్సు ఇంగ్లిష్, స్టూడియోలో ఆ రోజు గాయని ఎవరైతే వాళ్ల ఇంగ్లిష్. టెనెసీ యాస తెచ్చిపెట్టుకుని పాడితే అది అందంగానే వస్తుంది, కానీ రైల్వే గార్డు కూతురి కథ ఆ యాసలో నమ్మబుద్ధి కాదు. ప్రొడ్యూసర్ పాట ఆపించేసింది. సాహిత్యాన్ని మాటల్లా చెప్పమంది, రాత్రిపూట ఆస్పత్రిలో రోగికి చెప్తున్నట్టు. నేను చెప్పాను. రాత్రి మూడింటికి మాట్లాడే గొంతు నాకు ఉంది. కిందిస్థాయిలో, తొందర లేకుండా, ప్రతి మాటా స్పష్టంగా. భయపడుతున్న మనిషికి మాట చివరి హల్లు కూడా వినపడాలి. అది ఎవరి దగ్గరా నేర్చుకున్న గొంతు కాదు. లైట్లు తగ్గించి, ఆ గొంతుతోనే పాడమంది.

అప్పటి నుంచి ఒక్కొక్కటీ మార్చుకోవాల్సి వచ్చింది. వదిలేసిన హల్లులు మళ్లీ పలకడం. నా ‘ట్’ మన ‘ట’లా నాలుక మడిచి వస్తుంది, దాన్ని దిద్దబోతే ఆవిడ వద్దంది. ‘ర’ కూడా అంతే. ఊపిరి నా ఇష్టమొచ్చిన చోట తీసుకోవడం వింతగా అనిపించింది. చరణం మధ్యలో ఊపిరి వినిపిస్తే ఇంజనీర్ దాన్ని తీసేయకుండా ఉంచాడు. లయ విషయం మరీ కష్టం. హార్మనీలో తాళం మీద ఖచ్చితంగా దిగాలి. ముందు పాడేవాళ్లు కొంచెం వెనగ్గా దిగితేనే మాటకు బరువు వస్తుంది. లైన్ చివర స్వరాన్ని పట్టుకుని వేలాడితే స్టీల్‌కు చోటు ఉండదు, వదిలేయాలి. ఇవన్నీ ఎవరో నిర్ణయించగా అనుసరించిన మనిషిని, ఇప్పుడు నేనే నిర్ణయించాలి. నర్సు పాట మొదటి టేక్ దాదాపు మొత్తం అలాగే ఉంచాం. మిగతావాటికి ఏ టేక్‌లో ఏ లైన్ బాగుందో ఏరి కూర్చాం. ఏరేటప్పుడు నా చెవి ప్రతిసారీ శ్రుతి నిక్కచ్చిగా ఉన్న లైన్ వైపు వెళ్లేది, ఆవిడ చెవి మాట నిజంగా వినిపించిన లైన్ వైపు వెళ్లేది. చాలాచోట్ల ఆవిడ మాటే విన్నాను. రెండు చోట్ల వినలేదు, ఆ రెండూ నాకు ఇప్పటికీ ఇష్టం.

మరి నా వెనక హార్మనీ ఎవరు పాడాలి? నేనే పాడుకుంటే డబ్బు మిగులుతుంది, చాలామంది అలాగే చేస్తారు. నాకు మనసొప్పలేదు. ఏళ్లుగా నా పక్కన నిలబడ్డ ఇద్దరు స్నేహితురాళ్లను పిలిచాను. వాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక చెవి బయట పెట్టి, నా వైపు చూశారు. ‘నీకేం కావాలి?’ అన్నారు. నేను ఊపిరి తీసిన చోట వాళ్లు ఊపిరి తీశారు. నా ‘ట్’ ఉన్నచోట వాళ్లు ఆగిపోయి దాన్ని నాకే వదిలేశారు. నా గుంటూరు అచ్చును వాళ్లిద్దరూ అందుకోవడం వింటుంటే కళ్లు ఆగలేదు. కవర్ వెనక వాళ్ల పేర్లు నా పేరు సైజులోనే వేయించాను. మామూలుగా ఈ పేర్లు ఎంత చిన్నవిగా పడతాయో నాకు తెలుసు.

వినైల్ (గ్రామఫోన్ రికార్డు) వేయించే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. ఒక వైపు ఇరవై నిమిషాలు, మహా అయితే ఇంకో రెండు. అంతకు మించితే గీతలు ఇరుకై శబ్దం తగ్గుతుంది. డిస్క్ మధ్యకు వెళ్లేకొద్దీ పైస్థాయి మెరుపు తగ్గుతుంది. అందుకని హుషారు పాటలు ప్రతి వైపు మొదట్లో, నెమ్మది పాటలు చివర్లో పెట్టాం. నర్సు పాట మొదటి వైపు చివర, కీర్తనల వరస తగిలే పాట రెండో వైపు చివర. స్ట్రీమింగ్‌లో వినేవాళ్లకు కూడా అదే క్రమం బాగుందని చెప్పారు.

పెద్ద కంట్రీ రేడియో స్టేషన్లు మా జోలికి రాలేదు, నేను ఆశించలేదు కూడా. అక్కడ ఆడవాళ్ల పాటలకే చోటు తక్కువ. 2015లో ఒక రేడియో సలహాదారు మగవాళ్ల పాటలు సలాడ్‌లో ఆకుకూర, ఆడవాళ్లవి టమాటాలు అని, ఎక్కువ వేయొద్దని చెప్పి పెద్ద గొడవైంది. చిన్న కమ్యూనిటీ స్టేషన్లు, కాలేజీ రేడియోలు మాత్రం వేశాయి. విడుదల రోజు చిన్న హాల్లో పాడాం. సగం మంది సెషన్ పాడేవాళ్లు, పావు వంతు మా వార్డు నర్సులు, మిగతా మన తెలుగువాళ్లు. తెలిసిన ఆంటీ ఒకరు వచ్చి, ‘‘మాటలు సగమే అర్థమయ్యాయమ్మా, కానీ ఆ రైలు పాట మాత్రం మన వైపు పాటే’’ అన్నారు. తెలుగులో పాడొచ్చుగా అని కూడా కొందరు అడిగారు. తెలుగు పాటలు నేను ఎప్పుడూ పాడుతూనే ఉన్నాను. ఈ కథలు నేను ఇంగ్లిష్‌లో, ఈ ఊళ్లో బతుకుతూ రాసినవి, ఇక్కడివాళ్లకు వినిపించాలనుకున్నవి.

ఆల్బమ్ వచ్చాక సెషన్ పిలుపులు కొన్ని తగ్గాయి. సొంతంగా పాడుతోంది కదా, ఇక హార్మనీకి రాదులే అనుకుంటారు సెషన్లకు గాయకులను పిలిచే కాంట్రాక్టర్లు. ఇది ముందే తెలిసి ఉంటే బాగుండేది, అందుకే రాస్తున్నాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నేను ఇంకా పాడతానని చెప్పాను. ఆ పని నాకు కావాలి, డబ్బుకే కాదు, ఇష్టంగా కూడా. మళ్లీ వెళ్లినప్పుడు హెడ్‌ఫోన్లలో నా గొంతును కాస్త పెంచమని అడుగుతున్నాను. అలా చేస్తే హార్మనీ ఇంకా బాగా కుదురుతోందని మా ఇంజనీర్లు అంటున్నారు.

పెట్టిన డబ్బులో ఇప్పటికి సగం కంటే కొంచెం తక్కువ వెనక్కి వచ్చింది. ఎక్కువ భాగం కచేరీల్లో టేబుల్ మీద అమ్మిన సీడీలు, వినైళ్ల నుంచి. స్ట్రీమింగ్ నుంచి వచ్చింది చాలా తక్కువ. సౌండ్‌ఎక్స్ఛేంజ్‌లో ముఖ్య గాయనిగానూ, హక్కుదారుగానూ రెండు చోట్లా రిజిస్టర్ చేసుకున్నాను. ఒకచోట చేసి రెండోది మర్చిపోయేవాళ్లు ఎక్కువ, మీరు మర్చిపోకండి. రెండో ఆల్బమ్‌కు మూడు పాటలు సిద్ధంగా ఉన్నాయి. నాన్న సలహా ప్రకారం నాలుగోది స్టేషన్ మాస్టారు మీద రాస్తున్నాను. ఆయనకు ఇప్పుడు నా గొంతు వెతుక్కోవాల్సిన పని లేదు కాబట్టి సాహిత్యం మీద పడ్డారు, ప్రతి లైన్‌కూ రైల్వే రూల్ సరిచూసి పంపుతున్నారు.